పెద్ద ఇంజన్‌కు టర్బోనా, సూపర్‌చార్జరా? డబ్బు పెట్టేముందు ఇలా తేల్చుకోండి

తాడిపత్రిలో లారీ ఉన్నవాళ్లు, అనంతపురం చుట్టుపక్కల బోరు బండి నడిపేవాళ్లు, యర్రగుంట్ల వైపు క్రషర్‌కు జనరేటర్ పెట్టుకున్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు అడిగే మాట: "ఇంజన్ లాగడం లేదు, టర్బో వేయిద్దామా?" ఈ మధ్య ఫోన్లో వీడియోలు చూసిన కుర్రాళ్లు ఇంకోటి కూడా అడుగుతున్నారు. సూపర్‌చార్జర్ వేస్తే ఎట్లుంటుంది, పికప్ వెంటనే వస్తుందంట కదా అని.

వస్తుంది, నిజమే. కానీ మీకు కావాల్సింది ఆ పికప్పేనా అన్నది ముందు తేలాలి. ఈ రెండింటిలో ఏది మంచిదని అడిగితే జవాబు దొరకదు. మీ ఇంజన్ మీద లోడు ఎలా పడుతుందో చెబితే జవాబు దానంతటదే వస్తుంది. కింద చెప్పిన వరుసలో చూసుకుంటూ పోండి. కొందరికి మొదటి పని దగ్గరే తేలిపోతుంది, షాపుకు వెళ్లాల్సిన అవసరం కూడా ఉండదు.

ముందుగా: రెండూ చేసేది ఒకటే పని

ఒక లీటరు డీజిల్ పొగ లేకుండా కాలాలంటే సుమారు 17 కిలోల గాలి కావాలి. మన ఎండల్లో అంత గాలి దాదాపు 15 ఘనపు మీటర్ల చోటు తీసుకుంటుంది. అంటే ఎనిమిది అడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు ఉన్న గది నిండా గాలి, ఒక్క లీటరు డీజిల్‌కు. కాబట్టి ఇంజన్ బలాన్ని ఆపేది డీజిల్ కాదు, గాలి. పంపు తిప్పి డీజిల్ ఎక్కువ పోయించడం ఏ మెకానిక్‌కైనా చేతనవుతుంది. గాలి లేకుండా ఆ పని చేస్తే వచ్చేది నల్ల పొగ, కాలిన పిస్టన్.

గాలిని నొక్కి సిలిండర్లోకి తోయడానికి రెండు దారులున్నాయి. టర్బో అయితే సైలెన్సర్ వైపు పోయే వేడి వాయువుతో ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ షాఫ్టుకే రెండో చివర ఉన్న చక్రం గాలిని నొక్కుతుంది. డీజిల్‌లో ఉన్న వేడిలో సుమారు మూడో వంతు ఊరికే సైలెన్సర్ గుండా పోతుంది కదా, అందులోంచి కొంత వాడుకుంటుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి దీనికి 1905లో పేటెంట్ తీసుకున్నాడు. సూపర్‌చార్జర్‌కు సైలెన్సర్‌తో పని లేదు. బెల్టు ద్వారానో గేర్ల ద్వారానో నేరుగా క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇంజన్ ప్రధాన షాఫ్టు) నుంచే బలం తీసుకుని తిరుగుతుంది. ఇంజన్ కదిలిన క్షణం నుంచి గాలి ఇస్తుంది, అదే దాని గొప్ప. ఇంజన్ కష్టపడి పుట్టించిన బలంలోంచే తన వాటా తీసుకుంటుంది, అదే దాని ఖర్చు.

మొదటి పని: లోడు ఎలా వస్తుందో ఒక కాగితం మీద రాయండి

మీ ఇంజన్ ఒక మామూలు పనిరోజు ఏం చేస్తుందో రాయండి. ఎన్ని గంటలు నడుస్తుంది, అందులో ఫుల్ లోడు ఎంతసేపు, ఆర్‌పీఎం ఒకేచోట ఉంటుందా, పెరిగి తగ్గుతుందా, లోడు మెల్లగా ఎక్కుతుందా, ఒక్కసారి మీద పడుతుందా. ఇది రాయకుండా టర్బో షాపులో కూర్చుంటే అక్కడున్న సరుకే మీకు సరైనదవుతుంది.

బోరు బండి మీద కంప్రెసర్ ఇంజన్ తీసుకోండి. స్టార్ట్ చేస్తారు, కాసేపు ఖాళీగా తిప్పుతారు, తర్వాత లోడు ఇస్తారు. రాడ్డు మీద రాడ్డు దిగుతూ వెయ్యి అడుగులకు పోయేదాకా అదే ఆర్‌పీఎం, అదే లోడు. మధ్యలో రాడ్డు మార్చేటప్పుడు తప్ప ఊపిరి తీసుకోదు. ఇలాంటి ఇంజన్‌కు టర్బోను మించింది లేదు. టర్బో లేటుగా అందుకుంటుందన్న ఫిర్యాదు ఇక్కడ వర్తించదు, ఎందుకంటే ఒకసారి అందుకున్నాక గంటల తరబడి దిగదు. గ్రానైట్ క్వారీల్లో నడిచే పెద్ద కంప్రెసర్లు కూడా ఇంతే.

జనరేటర్ దగ్గర కొంచెం ఆలోచించాలి. 1,500 ఆర్‌పీఎం దగ్గర కట్టేసినట్టు తిరుగుతుంది, అంతవరకు టర్బోకు హాయి. కానీ క్రషర్‌లో పెద్ద మోటారు ఆన్ చేసినప్పుడు లోడు ఒక్క దెబ్బకు పడుతుంది. నేరుగా స్టార్ట్ చేసే మోటారు ఆ క్షణంలో మామూలు కరెంటుకు ఆరు రెట్ల దాకా లాగుతుంది. అప్పటిదాకా ఖాళీగా తిరుగుతున్న ఇంజన్‌లో సైలెన్సర్ వేడి తక్కువ, టర్బో నిద్రలో ఉంటుంది. ఆర్‌పీఎం పడిపోకుండా చూసే గవర్నరు డీజిల్ పెంచుతుంది, గాలి రాదు, గుప్పున నల్ల పొగ, లైట్లు మినుక్కుమంటాయి, ఒక్కోసారి సెట్టు ఆగిపోతుంది. ఈ ఒక్క సందర్భం చూసి "దీనికి సూపర్‌చార్జర్ అయితే సరిపోయేది" అనేవాళ్లున్నారు. లెక్క ప్రకారం తప్పు కాదు. కానీ దానికంటే చవకైన మందు స్టార్టర్ పెట్టెలో ఉంది. స్టార్-డెల్టా పెడితే స్టార్టింగ్ కరెంటు మూడో వంతుకు దిగుతుంది. సాఫ్ట్ స్టార్టర్ పెట్టినా, మోటార్లను ఒకదాని తర్వాత ఒకటి ఆన్ చేసినా ఇంజన్ జోలికే పోనక్కర్లేదు.

లారీ సంగతి వేరు. కడప నుంచి రాయచోటి పోయేటప్పుడు గువ్వలచెరువు ఘాట్ ఎక్కే లోడు బండిని చూడండి (కోవా కోసం ఆగడం తర్వాత). మలుపు దగ్గర స్పీడు పడిపోతుంది, ఆర్‌పీఎం వెయ్యి దగ్గరకు దిగుతుంది, డ్రైవరు గేరు మార్చకుండా యాక్సిలరేటర్ నొక్కి పట్టుకుంటాడు. అక్కడ టర్బో పనిచేయడం లేదని తిడతాడు. ఆ ఆర్‌పీఎంలో టర్బోకు తగినంత వాయువే అందదు. ఒక గేరు దించితే అదే ఇంజన్ లాగుతుంది. గేరు దించినా లాగకపోతేనే ఇంజన్‌ను అనుమానించాలి. ఆ అనుమానం కూడా ఎయిర్ ఫిల్టర్ దగ్గర మొదలుపెట్టి, ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కిన గాలిని చల్లార్చేది) హోస్ పైపుల క్లిప్పుల మీదుగా టర్బో దాకా రావాలి. టర్బో నుంచి వెనక్కి రాకూడదు.

రెండో పని: సూపర్‌చార్జర్ తినే బలాన్ని డీజిల్‌లోకి మార్చి చూడండి

ఈ లెక్క ఎవరూ చెప్పరు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

6 లీటర్ల నాలుగు స్ట్రోకుల డీజిల్ ఇంజన్ అనుకోండి, 2,000 ఆర్‌పీఎంలో తిరుగుతోంది. రెండు చుట్లకు ఒకసారి గాలి పీల్చుకుంటుంది కాబట్టి నిమిషానికి 6,000 లీటర్ల చోటు నింపాలి. బయటి గాలికి రెట్టింపు ఒత్తిడితో, చల్లార్చి నింపాలంటే నిమిషానికి 11 కిలోలకు పైగా గాలిని నొక్కాలి. మంచి కంప్రెసర్ అయినా అందుకు 25 నుంచి 30 హార్స్‌పవర్ తీసుకుంటుంది. రెండు లోబ్‌లు తిరిగే పాత రకం రూట్స్ బ్లోయర్ అయితే ఇంకా ఎక్కువ.

టర్బోలో కూడా గాలిని నొక్కడానికి అంతే బలం కావాలి. తేడా ఏమిటంటే అది సైలెన్సర్ వైపు నుంచి వస్తుంది. పూర్తిగా ఉచితమేం కాదు, పొగ బయటికి పోయే దారిలో కొంత అడ్డు పడుతుంది. కానీ సరైన సైజు టర్బో ఫుల్ లోడులో ఉన్నప్పుడు ఆ నష్టం చిన్నది. సూపర్‌చార్జర్ తీసుకునే 25, 30 హార్స్‌పవర్ మాత్రం క్రాంక్ నుంచే పోతుంది. అంత బలం పుట్టించడానికి గంటకు సుమారు 5 లీటర్ల డీజిల్ అవుతుంది. రోజుకు పది గంటలు ఫుల్ లోడులో నడిచే బోరు బండికి అది 50 లీటర్లు. డీజిల్ రేటుతో మీరే గుణించుకోండి. ఈ లెక్క తర్వాత కూడా పెద్ద డీజిల్‌కు సూపర్‌చార్జర్ కావాలంటే మీ దగ్గర చాలా గట్టి కారణం ఉండాలి.

అలాంటి కారణాలు ఉంటాయి కూడా. అందుకు గుత్తి దాకా పోదాం.

మూడో పని: మీది టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా

గుత్తి, గుంతకల్లు వైపు పెరిగినవాళ్లకు ఆల్కో రైలింజన్ కొత్త కాదు. గూడ్సు బండిని కదిలించేటప్పుడు కుప్పలుగా నల్ల పొగ వదిలి, కాసేపటికి శుభ్రపడేది. అది పాడైన ఇంజన్ కాదు. పదహారు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజన్, టర్బో పూర్తిగా సైలెన్సర్ వాయువు మీదే ఆధారపడుతుంది. డ్రైవరు నాచ్ (రైలింజన్ యాక్సిలరేటర్ మెట్టు) పెంచగానే డీజిల్ ముందు వస్తుంది, గాలి వెనక వస్తుంది. ఆ మధ్యలోదే ఆ పొగ. ఆ సంగతి పక్కన పెడితే, అదే ఆల్కో కుటుంబం ఇంజన్ 2,600 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం-2 నుంచి 3,100 హార్స్‌పవర్ డబ్ల్యూడీజీ-3ఎ దాకా ఎదిగింది. సిలిండర్లు పెంచకుండా బలం పెరగాలంటే గాలి పెరగాల్సిందే.

దాని తర్వాత వచ్చిన డబ్ల్యూడీజీ-4 రైలింజన్‌లో ఉన్నది ఈఎండీ కంపెనీ 710 ఇంజన్, 4,000 హార్స్‌పవర్, టూ స్ట్రోక్. టూ స్ట్రోక్ డీజిల్ తనంతట తాను గాలి పీల్చుకోలేదు. పాత వాయువును బయటికి నెట్టి కొత్త గాలి నింపే పనికి ఎవరో ఒకరు ఊదాలి, లేకపోతే స్టార్ట్ కూడా కాదు. అందుకని ఆ ఇంజన్‌లో టర్బోకే గేర్లు పెట్టారు. స్టార్టింగులో, తక్కువ లోడులో క్రాంక్ దాన్ని గేర్ల ద్వారా తిప్పుతుంది, అంటే అప్పుడది సూపర్‌చార్జరే. లోడు పెరిగి సైలెన్సర్ వాయువులో బలం వచ్చాక క్లచ్ విడిపోతుంది, అప్పటినుంచి మామూలు టర్బో. ఆ కంపెనీ పాత టూ స్ట్రోక్ ఇంజన్లలో రూట్స్ బ్లోయర్ మాత్రమే ఉన్నవీ ఉన్నాయి. ఓడల్లో ఉండే భారీ టూ స్ట్రోక్ ఇంజన్లలో ఇదే పనికి కరెంటు బ్లోయర్లు పెడతారు, లోడు పెరిగాక అవి ఆగిపోతాయి.

కాబట్టి పాత సామాన్లలో ఎక్కడో టూ స్ట్రోక్ డీజిల్ కొన్నారనుకోండి, దాని పక్కన ఉన్న బ్లోయర్‌ను చూసి "ఇది తీసేసి టర్బో వేద్దాం" అనకండి. అది బలం పెంచడానికి పెట్టింది కాదు, ఊపిరి ఆడడానికి పెట్టింది. మన లారీలు, ట్రాక్టర్లు, జనరేటర్లు అన్నీ ఫోర్ స్ట్రోకులే కనుక ఈ గొడవ మనలో చాలామందికి రాదు.

సూపర్‌చార్జర్ నిజంగా గెలిచే చోటు ఇంకొకటి ఉంది, పెద్ద పెట్రోల్ ఇంజన్. కాలు పెట్టగానే దూకాలి, పెట్రోల్ లెక్కలు ఎవరికీ పట్టవు. డాడ్జ్ హెల్‌క్యాట్ కారులో 6.2 లీటర్ల వీ8 మీద సూపర్‌చార్జర్ పెట్టి 707 హార్స్‌పవర్ తీసింది అందుకే. వీడియోల్లో మీరు చూసే చప్పుడు అదే. అలాంటి దాని మీద మనసుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి: సూపర్‌చార్జర్లన్నీ కింది ఆర్‌పీఎంలో గాలి ఇవ్వవు. రూట్స్ రకం, స్క్రూ రకం ఇస్తాయి. సెంట్రిఫ్యూగల్ రకం ఆర్‌పీఎం సగమైతే ఒత్తిడి పావుకు పడిపోతుంది. కింద పికప్ కోసమని అది కొనుక్కుంటే డబ్బు దండగ.

నాలుగో పని: ఎండను, దుమ్మును లెక్కలోకి తీసుకోండి

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. 40 డిగ్రీల గాలిని రెట్టింపు ఒత్తిడికి నొక్కితే దాదాపు 145 డిగ్రీలకు చేరుతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది కాబట్టి ఒత్తిడి రెట్టింపైనా గాలి బరువు ఒకటిన్నర రెట్లే అవుతుంది. దాన్ని ఇంటర్‌కూలర్‌లో 60 డిగ్రీలకు దించితే 1.9 రెట్ల దాకా వస్తుంది. కర్నూలు, కడప వేసవిలో బయటి గాలే 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి. 15 డిగ్రీల గాలితో పోలిస్తే ఆ గాలి ఇంజన్‌లోకి రాకముందే పదో వంతు పలచగా ఉంటుంది. అందుకని నా మాట ఒకటే: ఇంటర్‌కూలర్‌కు డబ్బు లేకపోతే టర్బో కూడా వద్దు. పాత లారీకి టర్బో ఒక్కటే తెచ్చి బిగించి, వేసవిలో హెడ్ గ్యాస్కెట్ ఎందుకు పోతోందని అడిగేవాళ్లకు జవాబు ఇక్కడే ఉంది.

దుమ్ము ఇంకా మొండి శత్రువు. లారీ సైజు టర్బో షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లకు అటూఇటూగా తిరుగుతుంది. బేతంచెర్ల పాలిష్ రాళ్ల పొడి, క్రషర్ డస్టు ఫిల్టర్ దాటి లోపలికి వస్తే ఆ వేగంలో కంప్రెసర్ చక్రం అంచులు అరిగిపోతాయి. ఫిల్టర్ పూడుకుపోయినా ప్రమాదమే, లోపల పీల్పు ఎక్కువై షాఫ్టు సీలు దగ్గర ఆయిల్ లాగుతుంది. క్రషర్ దగ్గర పనిచేసే ఇంజన్‌కు ప్రీ క్లీనర్ (ఫిల్టర్ కంటే ముందే దుమ్ము పట్టేది) పెట్టించండి, ఫిల్టర్‌ను గాలితో కొట్టి మళ్లీ మళ్లీ వాడకండి. కాగితానికి కంటికి కనిపించని చిల్లు పడితే చాలు.

ఐదో పని: మీ ఇంజన్ దీనికి పుట్టిందేనా

ముందు ఇంజన్ మీద ఉన్న కంపెనీ ప్లేటు చూడండి. కమిన్స్ ఇంజన్లలో అక్షరాలే చెబుతాయి. 6బీటీ అంటే ఆరు సిలిండర్లు, బీ సిరీస్, టర్బో ఉంది. 6బీటీఏ అంటే టర్బోతో పాటు గాలిని చల్లార్చే ఆఫ్టర్‌కూలర్ కూడా ఉంది. ఒకే ఇంజన్‌కు కంపెనీయే టర్బో ఉన్న రకం, లేని రకం అమ్మితే మీ దారి సులభం. ఆ రెండు రకాల స్పేర్ పార్ట్స్ పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూడండి. పిస్టన్, రింగులు, హెడ్ గ్యాస్కెట్, ఆయిల్ పంపు, నాజిల్స్, ఫ్యూయల్ పంపు: ఎన్ని నంబర్లు మారాయో, అన్నీ మార్చాలి. టర్బో రకానికి పిస్టన్‌ను కింద నుంచి ఆయిల్ చిమ్మి చల్లార్చే జెట్లు ఉండి మీ దానికి లేకపోతే, అక్కడే ఆగి ఆలోచించండి. చాలాసార్లు ఆ ఖర్చంతా కలిపితే కంపెనీ టర్బో ఉన్న సెకండ్ హ్యాండ్ ఇంజన్ చవకగా తేలుతుంది. నేనైతే అటే మొగ్గుతాను.

రోడ్డు మీద తిరిగే బండి అయితే ఇంకో అడ్డు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు క్లెయిమ్ దగ్గర కూడా ఇది బయటపడుతుంది. కొత్త కాలుష్య నిబంధనల కింద 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 లారీల్లో, 2023 జూలై నుంచి వచ్చిన సీపీసీబీ-4 ప్లస్ జనరేటర్లలో ఇంజన్‌ను కంప్యూటర్ నడిపిస్తుంది. వాటి మీద చేయి పెట్టాలన్న ఆలోచనే వద్దు. ఈ వ్యాసం పాత బోరు కంప్రెసర్లు, పాత జనరేటర్లు, క్వారీలో నడిచే ఇంజన్ల వాళ్లకే ఎక్కువ పనికొస్తుంది.

ఆరో పని: సైజు

ఇక్కడిదాకా వచ్చారంటే మీది టర్బోనే. హోల్‌సెట్, గారెట్ లాంటి పేరు చూసి కాదు, ఇంజన్ సైజు, ఆర్‌పీఎం చూసి ఎంచుకోండి. పెద్ద బండిది తీసి చిన్న ఇంజన్‌కు బిగిస్తే లోడు మీద కూడా అది లేవదు. మరీ చిన్నదైతే వెంటనే అందుకుంటుంది గానీ పై ఆర్‌పీఎంలో పొగ దారికి అడ్డం పడి ఇంజన్‌ను ఉడికిస్తుంది. ఎప్పుడూ ఒకే ఆర్‌పీఎంలో నడిచే కంప్రెసర్, జనరేటర్ ఇంజన్లకు ఆ ఒక్క చోట సరిగ్గా కుదిరే మామూలు టర్బో చాలు. పెరుగుతూ తగ్గుతూ నడిచేదానికి వేస్ట్‌గేట్ (ఎక్కువైన వాయువును టర్బో చక్రానికి తగలకుండా పక్కకు వదిలే తలుపు) ఉన్నది తీసుకోండి. సెకండ్ హ్యాండ్ టర్బో చూసేటప్పుడు షాఫ్టును వేళ్లతో ముందుకు వెనక్కి లాగండి, ఆట తెలియకూడదు. పక్కకు కొద్దిగా కదిలితే పర్వాలేదు, కానీ చక్రం గోడకు తగలకూడదు.

బిగించే రోజు

ఆయిల్ వచ్చే పైపు తీసి, టర్బోలో చేత్తో కొంచెం ఆయిల్ పోసి, షాఫ్టు తిప్పి, అప్పుడు బిగించండి. ఆయిల్ తిరిగి పోయే పైపు లావుగా, వంపు లేకుండా నేరుగా కిందికి దిగాలి. ఆ పైపులో ఆయిల్ నిలబడితే సీలు దాటి సైలెన్సర్‌లోకి వస్తుంది, నీలి పొగ చూసి టర్బో పోయిందని మళ్లీ కొత్తది కొనిపిస్తారు. క్రాంక్ కేస్ బ్రీదర్ మూసుకుపోయినా ఇదే లక్షణం.

డీజిల్ పెంచే పని పంపు షాపులో బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) చూసి డీజిల్ ఇచ్చే అమరికతో చేయించండి. టర్బోకు ముందు సైలెన్సర్ మానిఫోల్డులో ఒక టెంపరేచర్ మీటరు పెట్టించండి. దానికయ్యేది చిన్న ఖర్చు, కాపాడేది మొత్తం ఇంజన్‌ను. ఫుల్ లోడులో అది 650 డిగ్రీలు దాటి 700 వైపు పోతుంటే డీజిల్ తగ్గించాల్సిందే, బండి ఎంత బాగా లాగుతున్నా సరే.

స్టార్ట్ చేశాక ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా రేస్ చేయవద్దు. లోడు మీద పనిచేసిన ఇంజన్‌ను వెంటనే ఆపవద్దు, రెండు మూడు నిమిషాలు ఖాళీగా తిరగనివ్వండి. లేకపోతే ఎర్రగా కాలిన టర్బోలో ఆయిల్ ఆగిపోయి బొగ్గు కడుతుంది. మీ దగ్గర పనిచేసే డ్రైవరుకో ఆపరేటరుకో ఈ మాట జీతం ఇచ్చే రోజు చెబితే గుర్తుంటుంది.